రెండు బల్లల బండి

మెకానిక్ థవీ షెడ్డు వెనక జాగాకి చీకటి పడ్డాక ఎవరూ వెళ్ళరు. మగాళ్ళు కూడా వెళ్ళరు. పూటుగా తాగి తూలేవాళ్ళు సైతం అవసరమైతే రోడ్డు పక్కనే కానిచ్చేస్తారు గానీ, ఆ రేకు తలుపు మాత్రం దాటరు.

ఎందుకంటే అక్కడున్న బండ్లన్నీ మనుషుల్ని తిన్నవే. చెరుకు లారీల కింద నలిగిన మోటారు సైకిళ్ళు, ముక్కు పగిలిన కార్లు, చెట్టుకి గుద్దుకుని చాపలా మడత పడ్డ వ్యాను ఒకటి. మా ఊరు నోంగ్ ఖాం చుట్టుపక్కల ఏ బండి గుద్దుకున్నా, పోలీసులు రాసుకోవడం అయ్యాక అక్కడికే లాక్కొస్తారు. బాగుపడేదైతే ముందు గేటులోంచి దాని కాళ్ళ మీద అది బయటికెళుతుంది. లేకపోతే నెలకోసారి తుక్కు లారీ వచ్చి ఎత్తుకుపోతుంది.

రాత్రిళ్ళు అక్కడ హారన్లు మోగుతాయంటారు. ఎవరో మూలుగుతారంటారు. నా బడ్డీ ఆ గేటు పక్కనే. పదకొండేళ్ళుగా అక్కడే కోళ్ళు కాలుస్తున్నాను, జిగురన్నం వండుతున్నాను. నాకెప్పుడూ ఏమీ వినపడలేదు. దెయ్యాల్ని నమ్మాలంటే తీరిక ఉండాలి. మా ఆయన పోయి ఆరేళ్ళయింది, ఒక్క రాత్రి కూడా కనపడలేదు. కనపడితే రెండు దులుపుదామనే ఉన్నాను. అది తెలిసే రాలేదేమో.

సుతిన్ సంగతి మాత్రం వేరు. అతను చెప్పింది చెప్పినట్టు చెబుతాను. నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు.

సుతిన్ మా ఊరి బండి నడిపేవాడు. పందొమ్మిదేళ్ళు నడిపాడు. వెనకాల ఎదురుబొదురుగా రెండు బల్లలేసి, పైన రేకు కప్పిన బండి. పొద్దున్నే టౌను బజారుకి, సాయంత్రం వెనక్కి. దిగేవాళ్ళు పైన రేకుకున్న మీట నొక్కితే ముందు బెల్లు మోగుతుంది, ఆపుతాడు. నొక్కకపోయినా ఆపుతాడు, ఎవరి ఇల్లెక్కడో అతనికి తెలుసు. బజారులో ఎవరైనా ఆలస్యమైతే, తిట్టుకుంటూనే కాసేపు ఆగేవాడు.

చెరుకు కోతల రోజులు. చెరువు మలుపు దగ్గర ఎవరో తోట తగలబెట్టారు, కోత సులువవుతుందని. పొగంతా రోడ్డు మీదికి దిగింది. ఆ పొగలో వెనక లైటు లేని చెరుకు లారీ ఒకటి ఆగి ఉంది. సుతిన్‌కి కనపడేసరికే మీదికొచ్చేసింది. బండి లారీని గుద్ది, రెండు పల్టీలు కొట్టి, పొలంలో పడింది.

వెనక ఆరుగురున్నారు. ఐదుగురికి చేతులూ కాళ్ళూ విరిగాయి. ఆరో మనిషి ఖమ్‌పోన్ అవ్వ. పుట్టగొడుగులు అమ్ముకుని వస్తోంది. అక్కడికక్కడే పోయింది. ఖాళీ బుట్ట చేతిలోనే ఉంది.

సుతిన్‌కి బయటికి ఎగిరి పడ్డందుకు నుదుటి మీద నాలుగు కుట్లు. అంతే.

మూడో రోజు అందరం మలుపు దగ్గరికి వెళ్ళాం. గుడి సాములోరు వచ్చారు. అవ్వ కూతురు అగరొత్తులు పట్టుకుని, అమ్మా రా, ఇంటికి పోదాం, ఇక్కడ రోడ్డు దాటుతున్నాం, ఇక్కడ వంతెన ఎక్కుతున్నాం అని దారి చెబుతూ తీసుకెళ్ళింది. చచ్చినవాళ్ళకి అలా చెయ్యాలి. బతికినవాళ్ళకి వేరే ఉంటుంది. పెద్ద దెబ్బకి బెదిరితే మనిషిలోంచి జీవం జారి అక్కడే పడిపోతుంది కదా, దాన్ని చేపలు పట్టే వలబుట్టతో తోడుకుని తెచ్చుకోవాలి. సుతిన్ పెళ్ళాం లామ్‌యై ఆ బుట్టలో ఉడకేసిన గుడ్డు, అన్నం ముద్ద పెట్టి, మలుపులో గడ్డంతా తోడింది. ఇంటికొచ్చి మొగుడి మణికట్టుకి దారం కట్టింది. అన్నం నేనే పట్టుకెళ్ళాను, అందుకే ఇంత చెప్పగలుగుతున్నాను.

అన్నీ పద్ధతిగానే చేశాం. అయినా సుతిన్ మాత్రం కుదుటపడలేదు.

అప్పటికే బండి థవీ షెడ్డు వెనక పడి ఉంది. ఇక మొదలైంది రగడ — బాగు చేయించడమా, తుక్కుకివ్వడమా.

థవీ మంచి పనివాడే, నోరే మంచిది కాదు. ముందు చక్రం నించి వెనక చక్రానికి తాడు పెట్టి అటూ ఇటూ కొలిచాడు. ఎడమవైపు కన్నా కుడివైపు నాలుగు వేళ్ళు తక్కువొచ్చింది. అంటే కింద ఉక్కు దూలం మెలి తిరిగింది. రేకు కప్పు ఒక పక్కకి నలిగి వంగిపోయింది. డ్రైవరు వైపు స్టీరింగు సీటులోకి దిగబడింది, ఆ సందులో పిల్లి కూడా పట్టదు. ఇంజను మాత్రం బంగారంలా ఉంది.

నడుం విరిగినోడికి గుండె బాగుంటే ఏం చేసుకుంటాడన్నాడు థవీ. రెండు నెలలు కూర్చుంటే నిలబెడతాను, కానీ బతికినన్నాళ్ళూ ఒక పక్కకే లాగుతుంది, నేను బాధ్యుణ్ణి కాదు అన్నాడు.

లామ్‌యై ఒప్పుకోలేదు. బండిలో ఉండే అమ్మవారు ఐదు ప్రాణాలు కాపాడింది, మొగుణ్ణి కాపాడింది. అలాంటి తల్లిని తీసుకెళ్ళి తుక్కువాడి చేతిలో పెడతావా, కళ్ళు పోతాయి అంది. ఆ బండి ముక్కుకి కట్టిన రంగు గుడ్డలన్నీ అమ్మవారికని ఈవిడ కట్టినవే.

ఊళ్ళో ఆడవాళ్ళు నలుగురొచ్చి నా బడ్డీ దగ్గరే అతనికి ధైర్యం చెప్పారు. నువ్వు బాగు చేయించు నాయనా, మేమందరం ఎక్కుతాం అన్నారు. మొదట ఎవరెక్కుతారని నేనడిగాను. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత కోడి బాగా కాల్చావన్నారు.

లామ్‌యై తమ్ముడు చెరుకు మిల్లులో తూకం దగ్గర పని ఉందని కబురు పెట్టాడు. కూర్చుని చేసే పని. సుతిన్ దానికీ ఊ అనలేదు, ఊహూ అనలేదు.

రోజూ సాయంత్రం వచ్చి నా బల్ల మీద కూర్చునేవాడు. అన్నం తీసుకునేవాడు, సగం వదిలేసేవాడు. ఏమనుకుంటున్నావంటే, అలిసిపోయానక్కా అనేవాడు. పడుకో అంటే, ఎంత పడుకున్నా పోవట్లేదక్కా, పొద్దున లేచేసరికి రాత్రంతా బండి నడిపినట్టు భుజాలు లాగేస్తున్నాయి అనేవాడు. నన్నడిగితే తుక్కుకిచ్చెయ్ అన్నాను. మా ఆయన మోటారు సైకిలు నేను కర్మ అయిన మర్నాడే అమ్మేశాను. ఇనుం ఇనుమే.

అలా ఇరవై రోజులు గడిచాయి.

బెల్లు సంగతి మొదట చెప్పింది థవీ. చీకటి పడి షెడ్డు కట్టేసేటప్పుడు, వెనక జాగాలోంచి గిర్ర్‌... మని మోగిందట. కాసేపాగి మళ్ళీ. సుతిన్ బండి బెల్లే, ఊరంతటికీ తెలిసిన చప్పుడు. మంచుకి వైర్లు తడిసి ఉంటాయిలే అన్నాను.

థవీ నా బడ్డీ కింద చూపించాడు. నాకు బల్బు వెలిగించే బ్యాటరీ అక్కడుంది. సుతిన్ బండిదే. పాడైపోతుందని మొదటి రోజే విప్పి నాకిచ్చాడు.

ఆ రోజు బడ్డీ కాస్త ముందే కట్టేశాను.

బుధవారం థవీ తెగేసి చెప్పాడు. తెల్లవారితే తుక్కు లారీ వస్తుంది, మళ్ళీ నెలకి గానీ రాదు, నాకు జాగా కావాలి. ఈ రాత్రి నేను తాళం వేసేలోపు ఏదో ఒకటి చెప్పు. బాగు చెయ్యమంటే ముందుకి లాగిస్తాను, లేదంటే పొద్దున్నే ఎత్తించేస్తాను.

సుతిన్ నా దగ్గరికొచ్చి బంతిపూల దండ, అగరొత్తులు అడిగాడు. తుక్కుకిచ్చినా, బాగు చేయించినా అమ్మవారికి ఒక మాట చెప్పుకోవాలి కదా. ఇచ్చాను. కూర్చున్నాడు. దండ ఒళ్ళో పెట్టుకుని అన్నాడు —

"అవ్వ బెల్లు కొట్టింది అక్కా."

"ఎప్పుడు?"

"మలుపుకి ముందే. వాళ్ళ సందు అక్కడే కదా. రెండుసార్లు కొట్టింది. పొగలో ఆపితే వెనక ఎవడైనా గుద్దుతాడని... మలుపు దాటాక ఆపుదామనుకున్నాను."

పెళ్ళానికి కూడా చెప్పలేదట. ఎవరున్నా అదే చేస్తారన్నాను. లేచి దండ పట్టుకుని లోపలికెళ్ళాడు. అప్పటికి ఏడు దాటింది. థవీ ముందు గదిలో బోల్టులు ఏరుకుంటున్నాడు. నేను పొయ్యి ఆర్పి ఇంటికెళ్ళిపోయాను. ఇక్కణ్ణించి నేను చూసింది కాదు. తెల్లారి అతను చెప్పింది.

రేకు తలుపు తీశాడు. లోపల చీకటి. కాలి కింద గాజు పెంకులు కరకరలాడాయి. బండ్ల మధ్యలోంచి తడుముకుంటూ తన బండి ముందుకొచ్చి, నలిగిన ముక్కుకి దండ తగిలించి, అగరొత్తులు వెలిగించి, చేతులు జోడించాడు.

అమ్మా, నువ్వే చెప్పు అన్నాడట. బాగు చేయించనా... వదిలెయ్యనా... నాకు తోచట్లేదు. ఓపిక లేదు.

అప్పుడు మోగింది.

గిర్ర్‌...

అడుగు దూరంలో. పరిగెత్తుదామనుకున్నాడట. కానీ పందొమ్మిదేళ్ళ అలవాటు... ఆ చప్పుడు వింటే కుడికాలు దానంతటదే బ్రేకు వెతుక్కుంటుంది. నించున్నవాడు నించున్నట్టే గాలిలో కాలు నొక్కాడు.

బండి వెనక్కి వెళ్ళి చూశాడు. నలిగిన రేకు కింద రెండు బల్లలూ ఖాళీ. ఎవరూ లేరు.

గిర్ర్‌... గిర్ర్‌...

ఈసారి కంగారుగా. ఇల్లు దాటిపోతుంటే ముసలాళ్ళు నొక్కుతారే — అలా.

వస్తున్నానవ్వా అన్నాడట. అనుకోకుండానే నోట్లోంచి వచ్చేసింది. అని, డ్రైవరు తలుపు వైపు నడిచాడు.

తలుపు దగ్గరికి రాగానే ఆగిపోయాడు.

లోపల ఎవరో ఉన్నారు.

స్టీరింగు సీటులోకి దిగబడ్డ చోటే — పిల్లి పట్టని సందులో — ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. ముందుకి వంగి ఉన్నాడు. రెండు చేతులూ స్టీరింగు మీదున్నాయి. థవీ అయ్యుంటాడనుకున్నాడు, థవీ కాదు... ముందు గదిలోంచి బోల్టుల చప్పుడు వినపడుతూనే ఉంది.

"ఎవరది?" అని గుసగుసగా అడిగాడు.

ఆ చేతులు స్టీరింగుని ఇంకా గట్టిగా పట్టుకున్నాయి.

అప్పుడే రోడ్డు మీద చెరుకు లారీ ఒకటి షెడ్డు వైపు తిరిగింది. దాని వెలుతురు ప్రహరీ రేకుల సందుల్లోంచి వచ్చి, ఒక్కో బండినీ తడుముకుంటూ... తడుముకుంటూ... ఈ బండి అద్దంలోంచి లోపలికి పడింది.

మెడలో గళ్ళ తువ్వాలు. ఎడమ మోచేతి దగ్గర చిరుగున్న నీలం చొక్కా. ఆసుపత్రిలో కత్తిరించి పారేసిన చొక్కా అది. నుదుటి మీద మాత్రం కుట్లు లేవు... దెబ్బ ఇంకా తగలలేదు.

ఇక్కడ దాకా చెప్పి నీళ్ళడిగాడు సుతిన్. ఇచ్చాను. తాగలేదు.

"ఎవరు తమ్ముడూ?" అన్నాను.

"నేనే అక్కా."

లోపలున్నవాడు ఇతని వైపు చూడలేదు. రెప్ప వెయ్యకుండా ఎదురుగా ఉన్న చీకట్లోకే చూస్తున్నాడు, పొగలో దారి వెతుక్కునేవాడిలా. పళ్ళు బిగపట్టాడు. భుజాలు వణుకుతున్నాయి. ఎన్నాళ్ళుగానో ఆపకుండా నడుపుతున్నవాడి మొహం... నీళ్ళు లేవు, నిద్ర లేదు. మలుపు దాటాక ఆపుదాం, మలుపు దాటాక ఆపుదాం... ఆ మలుపు ఎన్నటికీ రాదు. వెనక అవ్వ కొడుతూనే ఉంది. వాడు నడుపుతూనే ఉన్నాడు.

సుతిన్‌కి భయం పోయిందట. జాలి కూడా కాదు అక్కా, చూస్తుంటేనే ఒళ్ళు హూనమైపోయింది అన్నాడు. పగిలిన అద్దంలోంచి చెయ్యి లోపలికి పెట్టాడు. వాణ్ణి తాకడానికి ధైర్యం చాల్లేదు. సీటు అంచు మీద పెట్టి, ఇంట్లో పిల్లాడికి చెప్పినట్టు మెల్లిగా చెప్పాడు.

"చాల్లేరా. ఆపెయ్. అవ్వ దిగాలి."

లారీ వెలుతురు పోయింది. చీకటి.

ఆ చీకట్లో — కిర్ర్‌ర్... టక్.

చేతిబ్రేకు లాగిన చప్పుడు.

తర్వాత బండి వెనక వైపు కాస్త పైకి లేచింది. చెయ్యి బండి మీదే ఉంది కాబట్టి తెలిసిందన్నాడు. బుట్ట పట్టుకున్న ముసలి మనిషి దిగితే ఎంత లేస్తుందో అంతే. ఎక్కువా కాదు, తక్కువా కాదు. ఆ తర్వాత గాజు పెంకుల మీద అడుగులు... ఒకటి... ఒకటి... మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళ అడుగులు. రేకు తలుపు దాకా వెళ్ళాయి. ఆగిపోయాయి.

బెల్లు మళ్ళీ మోగలేదు.

ఎంతసేపు నించున్నాడో అతనికే తెలీదు. అగరొత్తులు కాలిపోయాయి. ముందు గదిలోకొచ్చి, పొద్దున్నే ఎత్తించెయ్ అని థవీకి ఒక్క మాట చెప్పి ఇంటికెళ్ళిపోయాడు.

ఇదంతా తెల్లారి ఏడింటికి నా బల్ల మీద కూర్చుని చెప్పాడు. లారీ ఐదింటికే వచ్చి వెళ్ళిపోయింది. మిల్లు పనికి వస్తానని బావమరిదికి ఫోను చేశాడట. లామ్‌యై ఏడ్చి, తర్వాత తనే సర్దుకుందట. ఇరవై రోజుల్లో మొదటిసారి రెండో ముద్ద అడిగాడు. కోడి తొడ కూడా వేశాను.

"మనం మలుపు దగ్గర వెతికాం అక్కా," అన్నాడు తింటూ. "గడ్డి తోడాం, దారి చెప్పాం, అంతా చేశాం. అప్పటికే బండిని ఇక్కడికి లాక్కొచ్చేశారు. వాళ్ళసలు బండి దిగితే కదా."

అంతమందిమి ఉన్నాం. సాములోరున్నారు. ఒక్కళ్ళకీ తట్టలేదు ఆ మాట. నాకూ తట్టలేదు.

అంతలో థవీ వచ్చి కూర్చున్నాడు. చేతికి గుడ్డ చుట్టుకున్నాడు, వేళ్ళు చితికాయి. ఒకటే గొణుగుడు. ఏ తింగరోడు చేతిబ్రేకు లాగి వదిలేశాడోనట, బండి ఒక్క అంగుళం కదల్లేదట, అరగంట సుత్తితో కొడితే గానీ వదల్లేదట. ఆ బ్రేకు తీగ గుద్దుకున్న రోజే తెగిపోయింది, ఉత్త కర్ర అది, ఎలా పట్టిందో నాకర్థం కావట్లేదు అన్నాడు.

ఇన్నేళ్ళ నా బుద్ధి నాకుంది. వేడికి ఇనుం సాగుతుంది, మంచుకి బిగుస్తుంది, అలాంటిదేదో అయ్యుంటుంది. అలిసిపోయిన మనిషికి చీకట్లో ఏమైనా కనపడుతుంది. అలా సర్దిచెప్పుకుని కోళ్ళు తిరగేస్తున్నాను. ఉన్నట్టుండి ఒక మాట మనసులోకొచ్చింది. అడక్కుండా ఉండాల్సింది.

"తమ్ముడూ, అవ్వ దిగింది. బాగానే ఉంది. మరి... వాడు?"

సుతిన్ చెయ్యి ముద్ద మీదే ఆగింది.

"ఎవరక్కా?"

"స్టీరింగు దగ్గర కూర్చున్నవాడు. వాడు దిగాడా?"

అతను రోడ్డు వైపు చూశాడు. లారీ వెళ్ళి రెండు గంటలయింది. లారీవాడు టౌనుకి ఆరున్నరకే చేరుంటాడు, మొదటి బండి మనదే, ఈపాటికి యంత్రంలో పెట్టి రేకు చేసేసుంటారు అన్నాడు థవీ, ఏమీ తెలియక, అన్నం అందుకుంటూ.

సుతిన్ చేతిలో ముద్ద పళ్ళెంలో పడింది.

"చూడలేదక్కా," అన్నాడు. "అవ్వ వెళ్ళిన వైపే చూస్తూ ఉండిపోయాను."